పెట్రోలులో నీళ్ళు

అరోయిటా ఆ ఇంజన్ను తోపుడుబండిలో వేసుకుని ఒంటరిగా తోసుకొచ్చింది. పదిహేను గుర్రాల శక్తి గల పడవ ఇంజను, ఆడమనిషి ఒక్కతే ఎత్తే బరువు కాదు. దారి పొడవునా మగవాళ్ళు మంచెల మీద కూర్చునే ఉన్నారు. ఒక్కడు లేచి చెయ్యి వెయ్యలేదు. "ఆవిడ అడగందే ఎలా వెళ్తాం?" అని తర్వాత అన్నారట.

మా దీవిలో ఎవరైనా ఎదుటికొచ్చి ఫలానాది నాకియ్యి అని నోరు తెరిచి అడిగితే కాదనడానికి లేదు. పడవైనా, పందైనా, ఒంటిమీది చొక్కాయైనా సరే. దాన్ని బుబుటి అంటాం. కాదన్నవాడి పరువు ఆ పూటతో సరి. అడగనివాళ్ళకు ఏమీ ఇవ్వనక్కర్లేదన్న సౌకర్యం కూడా మాకు అందులోనే దొరికింది.

బండి వచ్చి కబునారే కొట్టం ముందు ఆగింది. కబునారేకు యాభై దాటాయి. కుర్రతనంలో సరుకుల ఓడల మీద ఇంజన్ల దగ్గర పనిచేసి వచ్చినవాడు. మా ఊళ్ళో ఇంజన్ల సంగతి తెలిసిన మనిషి అతనొక్కడే. ఆదివారం ప్రార్థనలో గిటారు వాయించేదీ అతనే. ఆ సమయానికి కొబ్బరిచిప్పలో తియ్యకల్లు తాగుతున్నాడు. బండిలో ఏముందో చూడగానే చిప్ప కింద పెట్టేశాడు.

"బావగారూ, తీరుబాటేనా?" అంది అరోయిటా, నుదుటి చెమట భుజానికి తుడుచుకుంటూ.

"రామ్మా. కబురు పెడితే నేనొచ్చి తెచ్చుకునేవాణ్ణిగా."

"తెచ్చేశాగా. నిన్నటి ఓడలో దించారు. మా ఆయనది."

ఎవరిదో చెప్పాలా? అరోయిటా మొగుడు కౌటు, కబునారే చిన్నాన్న కొడుకు. ఎనిమిది నెలల కిందట చేపలకని దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ దాటి వెళ్ళి తిరిగిరాలేదు. ఖాళీ పడవ ఎక్కడో పడమటి నీళ్ళల్లో ఓ చేపల ఓడకు దొరికింది. పడవ పగిలిపోయిందని వదిలేసి ఇంజను మాత్రం రాజధాని దీవి టరావాకు చేర్చారు. అక్కడినుంచి ఇక్కడికి రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

"ఇదిక నడవదు అరోయిటా. ఉప్పు తినేసింది చూడు."

"నడిపించమని కాదు. విప్పి చూసి చెప్పండి. లోపల నీళ్ళున్నాయో లేవో."

"ఇంకెక్కడి నీళ్ళు? పెట్రోలే ఎప్పుడో ఆవిరైపోయుంటది."

"నీళ్ళు పోతే మచ్చ పోతుందా? కార్బొరేటర్ గిన్నెలో నీళ్ళు నిలిస్తే అడుగున తెల్లగా పొడిపొడిగా తినేస్తుందని మీరే కదా మా ఆయనకి చెప్పింది? నేనక్కడే కూర్చుని చాప అల్లుతున్నా. విన్నా. ఆ మచ్చ ఉందో లేదో చూడండి." కాస్త ఆగింది. "అడుగుతున్నా."

ఆ మాట వచ్చేసింది. ఇక కాదనడానికి లేదు.

"రేపు మనేబా పాకలో ఆయన పేరున భోజనాలు పెడుతున్నారు. ఈలోపు నాకు తెలియాలి" అని, ఇంజను దింపడానికి ఒక చెయ్యి తనూ వేసి, ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. కబునారే కల్లు చిప్ప వంక చూశాడు. చీమలు పట్టేశాయి.

ఎనిమిది నెలల కిందట ఏం జరిగిందో అతనికి బాగా గుర్తుంది. బాగా గుర్తున్నదాన్ని గుర్తులేనట్టు నెట్టుకురావడం ఎంత కష్టమో అతన్ని అడిగితే చెప్పగలడు.

ఆ రోజు చర్చికి కొత్త పైకప్పు వేసిన పండగ. ఇంటికిన్ని చేపలు తేవాలని పెద్దలు చెప్పారు. కబునారే ఇదే కొట్టంలో గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు. మిట్టమధ్యాహ్నం కౌటు ఇంజన్ను భుజానేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, నెమ్మది చేస్తే చాలు, దగ్గి దగ్గి ఆగిపోతోంది. ఇప్పుడే చెయ్యాలి. అడుగుతున్నా."

"పండక్కి వాయించాల్సినోణ్ణిరా. సాయంత్రం చూద్దాం."

"సాయంత్రానికి దిబ్బ మీద నీళ్ళుండవు. చేప లేకుండా వెళ్తే టబువాకా తాత నన్నే పొయ్యిలో పెడతాడు. అడుగుతున్నా అన్నానా లేదా?"

అడిగాడు కాబట్టి విప్పాడు. కార్బొరేటర్‌లో పెట్రోలు పోయే సన్నని ఇత్తడి ముక్క ఉంటుంది, దాన్ని జెట్ అంటారు. దాని మధ్య రంధ్రంలోంచి వెంట్రుక దూరితే గొప్ప. అందులో మడ్డి చేరింది. దాన్ని గాలికొట్టి శుభ్రం చేసే యంత్రం ఉన్న ఊళ్ళు వేరు. మా దీవిలో జెట్ పొడిచేది గిటారు తీగతోనే, అందరికీ తెలిసిన పద్ధతే. కాకపోతే కొత్త తీగ ఉండాలి. ఆ రోజు కబునారే డబ్బాలో కొత్త తీగ లేదు. గిటారుకున్న అన్నిటికంటే సన్న తీగ విప్పాడు. ఉప్పుగాలికి అది అప్పటికే ఎర్రబారి ఉంది. తుప్పు పట్టిన తీగతో జెట్ పొడవకూడదని ఓడ మీద పెద్ద ఇంజనీరు చెంప మీద కొట్టి మరీ నేర్పాడు. ఆ చెంపదెబ్బ కూడా గుర్తొచ్చింది ఆ క్షణంలో. అయినా పొడిచాడు.

తీగ తెగింది. చేతిలో ఉన్నది బయటికొచ్చింది. కొస కనిపించలేదు.

ఇసకలో వెతికాడు. ఎంతసేపు? కౌటు రెండుసార్లు "అయిందా అన్నా?" అనేంతసేపు. కింద ఎక్కడో పడిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. జెట్‌ను వెలుతురుకెత్తి చూస్తే తేలిపోయేది. ఎత్తలేదు. బిగించాడు. తాడు లాగితే మొదటి లాగుడుకే ఇంజను అందుకుంది. కౌటు అతని నడ్డి మీద ఒక్కటి చరిచి, "నువ్వు దేవుడివన్నా" అని ఇంజను ఎత్తుకుని పోయాడు. ఒడ్డున అరోయిటా పెట్రోలు డబ్బా నింపి తెచ్చి సిద్ధంగా పెట్టింది.

నడిచిందిగా. ఎనిమిది నెలలుగా కబునారే తనకు తాను చెప్పుకుంటున్న మాట అదొక్కటే.

కౌటు కోసం ఐదు రోజులు వెతికారు. ఆరో రోజు మనేబాలో ఊరంతా కూడింది. మనేబా అంటే మా ఊరి పెద్ద పాక. ఊరి మాట ఏదైనా దాని కిందే తేలుతుంది. పెద్దమనుషులు మాట్లాడతారు, మిగతా మగవాళ్ళు తలలూపుతారు, ఆడవాళ్ళు వెనక వరసలో కూర్చుని వింటారు. పెద్దమనుషుల్లోకెల్లా పెద్దవాడు టబువాకా తాత గొంతు సవరించుకుని అడిగాడు, "కబునారే, ఆ పొద్దు బాగుచేసింది నువ్వే కదా. ఇంజను నడిచుంటే వాడు తిరిగొచ్చేవాడు. మరెందుకాగిపోయింది?"

నిజానికి అతనికి తెలియదు. తెలియదని చెప్పుకోవడానికి సరిపోయేంతగా తెలియదు. ఊరంతా తనవైపే చూస్తోంది. నోటికొచ్చింది అనేశాడు.

"పెట్రోలులో నీళ్ళు కలిసుంటాయి తాతా."

"ఆ మధ్య వానలు కూడా పడ్డాయి" అన్నారెవరో. "డబ్బా ఎవరు నింపారు?" అన్నారింకెవరో. నింపిందెవరో అందరికీ తెలుసు. ఒక్కొక్క తలే వెనక వరస వైపు తిరిగింది. అరోయిటా ఏదో అనబోయింది. పక్కనున్న ముసలావిడ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

మా ఊళ్ళో శిక్షలు వెయ్యం. మంచివాళ్ళం. అరోయిటాను ఎవరూ ఒక్కమాట అనలేదు, ఎదురుగా. కానీ అంతకుముందు ఊళ్ళో సగం పడవలకు పెట్రోలు ఆమె అమ్మే పీపాలోంచే వెళ్ళేది. ఆ తర్వాత ఒక్క డబ్బా వెళ్ళలేదు. విందుల్లో టీ కెటిల్ ఆమె చేతికిస్తే చాలు, మగవాళ్ళు కప్పులు పక్కన పెట్టేవారు. "అరోయిటా టీలో నీళ్ళెక్కువమ్మా" అని ఒకతి అంటే, "మొగుణ్ణే ముంచిన చెయ్యి, టీ ఒక లెక్కా?" అని ఇంకొకతి నవ్వేది. ఇవన్నీ కబునారే చెవిన పడుతూనే ఉన్నాయి. చెవులకు మూతలుండవు కదా.

దీనికి తోడు గిటారు. ఆ సన్న తీగ మళ్ళీ కట్టలేదు. కొత్త తీగలు ఓడలో వచ్చాయి, కొన్నాడు కూడా. కట్టబోయి, మళ్ళీ డబ్బాలో పడేశాడు. "ఐదు తీగలే వాయిస్తున్నావేంటి?" అని పాస్టరుగారు అడిగితే, "కౌటు పోయాక అది కట్టబుద్ధి కాలేదండీ" అన్నాడు. అది అబద్ధమా అంటే పూర్తిగా కాదు. చర్చిలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తమ్ముడంటే అంత ప్రేమ అని ఊరంతా చెప్పుకున్నారు. అతను కాదనలేదు.

ఇప్పుడు ఆ ఇంజను ముందు కూర్చున్నాడు.

మూత తీశాడు. లోపల నత్తలు కాపురం పెట్టి ఉన్నాయి. కార్బొరేటర్‌ను పట్టుకున్న రెండు బోల్టులు కదల్లేదు. కిరసనాయిలు పోసి, కాస్త ఆగి, సుత్తితో మెల్లగా తట్టి, మళ్ళీ పోసి, గంటకు ఊడలాగాడు. గిన్నె మరల్లో ఒకటి విరిగింది. గిన్నె ఊడి చేతిలోకొచ్చింది.

వెలుతురుకు తిప్పి చూశాడు. అడుగున పసుపుపచ్చటి జిగురు ఎండి అట్టకట్టి ఉంది. మంచి పెట్రోలు ఆవిరైపోతే మిగిలేది అదే. జిగురును గోటితో గీరాడు. కింద లోహం నున్నగా మెరిసింది. తెల్లటి మచ్చ లేదు, పొడి లేదు, చిన్న గుంటైనా లేదు. ఆ గిన్నెలో ఏనాడూ నీళ్ళు నిలవలేదు.

అక్కడితో ఆగి ఉండొచ్చు. ఆమె అడిగింది నీళ్ళ సంగతే. కానీ చేతులు వాటంతట అవే జెట్‌ను తిప్పి ఊడదీశాయి. ఈసారి వెలుతురుకు ఎత్తాడు. ఎనిమిది నెలలు ఆలస్యంగా.

రంధ్రం మూసుకుపోయి ఉంది.

జిగురే అయి ఉంటుందిలే అనుకున్నాడు. అనుకోవడానికి అలవాటు పడ్డవాడు కదా. సీసా మూతలో పెట్రోలు పోసి నానేశాడు. తీసి నోటితో ఊదాడు. బుగ్గలు నొప్పెట్టాయి గానీ గాలి దాటలేదు. పాత సైకిలు బ్రేకు తీగ విప్పి అందులోంచి ఒక పోగు లాగి, వెనకనుంచి పొడిచాడు. పోగు వంగిపోయింది. ఇంకోటి లాగి పొట్టిగా పట్టుకుని పొడిచాడు. లోపల గట్టిగా ఏదో తగిలింది. జిగురు అలా తగలదు.

కొబ్బరిపీచు నిప్పులు రాజేసి, జెట్‌ను పట్టకారుతో వాటిమీద పట్టుకున్నాడు. వేడెక్కాక చన్నీళ్ళలో వేశాడు. మళ్ళీ నిప్పులు, మళ్ళీ నీళ్ళు. నాలుగోసారి తర్వాత పోగుతో పొడిస్తే, రంధ్రం అంచున ఎర్రగా ఒక చుక్క కనిపించింది. పట్టకారుకు అందడం లేదు.

"కయేవా! నీ కనుబొమల చిమటా ఇలా పట్రా."

పెళ్ళాం కయేవా వంటపాకలోంచి తొంగిచూసింది. "ఎందుకూ? రేపటి భోజనాలకి సింగారించుకుంటావా ఏంటి? ఉన్న నాలుగు వెంట్రుకలూ పీక్కుంటే ఇంకేం మిగలదు."

"పట్రమ్మంటే."

"తెస్తున్నాలే, అరవకు. ఆ ఇంజను వచ్చిన కాణ్ణుంచి మొహం చచ్చిన చేపలా పెట్టుకున్నావు. పోయినోడు ఎటూ పోయాడు." చిమటా ఒళ్ళో పడేసి, ఒక్క క్షణం అతని తల మీద చెయ్యి పెట్టి, "తమ్ముడంటే నీకంత ఇది" అని వెళ్ళిపోయింది.

చిమటాతో కొసను పట్టుకుని లాగాడు. జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మూడోసారికి చిన్నగా టిక్కుమని వచ్చేసింది.

గోరంత కూడా లేదు. తుప్పుపట్టిన ఇనప తీగ. మొదట్లో దాని పక్కనుంచి కాస్త పెట్రోలు దూరి ఉంటుంది. అందుకే ఒడ్డున నడిచింది. పోనుపోను దాని చుట్టూ మడ్డి చేరి దారి మూసేసింది. దిబ్బ దాటాక, ఆటు లాగేసే చోట. కౌటు ఎంతసేపు తాడు లాగి ఉంటాడు? అరచేతులు ఊడిపోయేదాకా లాగి ఉంటాడు. అన్న బాగుచేశాడు కదా, నడుస్తుంది అనుకుంటూ లాగి ఉంటాడు.

పనిముట్ల డబ్బా అడుగున ఆ పాత తీగ చుట్ట ఇంకా ఉంది. ఎందుకు పారెయ్యలేదో అతనికే తెలియదు. తీసి, తెగిన కొసను ఈ ముక్క పక్కన పెట్టాడు. వాలుగా తెగింది. అతికింది.

కబునారే ఏడవలేదు. ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. ముందు వచ్చిన ఆలోచన, దీన్ని ఇసకలోకి విసిరేస్తే అయిపోతుంది కదా అని. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే వెగటు పుట్టింది. వెగటు పుట్టినా చెయ్యి ముక్కను పట్టుకుని ఇసకవైపే సాగింది.

"చూశారా బావగారూ?"

అరోయిటా కొట్టం గుంజ పట్టుకుని నిలబడి ఉంది. కబునారే పిడికిలి మూసేశాడు.

"చూశాను."

"ఉన్నాయా?"

ఉన్నాయి అంటే ఇక్కడితో సరిపోతుంది. అప్పటికే అలవాటైన భారమే కదా ఆమెకు. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గిన్నె అక్కడే, ఇద్దరి మధ్యా, చెక్క మీద మెరుస్తూ ఉంది. ఆమె దాన్నే చూస్తోంది.

"లేవు" అన్నాడు. "నీళ్ళు లేవమ్మా. ఎప్పుడూ లేవు."

అరోయిటా అక్కడే చతికిలబడింది. తర్వాత, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అంది. "మూడు మడతల గుడ్డలో వడగట్టా. ఆయన చొక్కా చింపి వడగట్టా. అత్తకి చెప్పా. పాస్టరుగారి ఆవిడకి చెప్పా. 'ఇప్పుడెందుకులే' అన్నారు. చివరికి నాకే అనుమానమొచ్చేసింది, నిజంగా వడగట్టానా, కలగన్నానా అని." అప్పుడు తలెత్తింది. "మరెందుకాగింది?"

అతను పిడికిలి ఇంకా బిగించాడు.

"చేతిలో ఏంటది?"

"ఏం లేదు."

"ఏమీ లేనిదాన్ని ఎవరూ అంత గట్టిగా పట్టుకోరు. ఇలా ఇవ్వండి. అడుగుతున్నా."

ఇచ్చాడు. ఆమె దాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. ఇంజన్ల సంగతి ఆమెకు అంతగా తెలియదు. కానీ ప్రతి ఆదివారం చర్చిలో ఆ గిటారును చూస్తూనే ఉంది. చూపు మెల్లగా గుంజకు వేలాడుతున్న గిటారు మీదికి వెళ్ళింది, తీగ లేని ఆరో బిరడా దగ్గర ఆగింది.

"ఆ రోజే తెలుసా?"

"తెగిందని తెలుసు. లోపలుందని తెలీదు."

"వెతికారా?"

"ఇసకలో వెతికా."

"ఇంజన్లో?"

కబునారే తల దించుకున్నాడు. ఆమె దెబ్బ కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె లేచి, ముక్కను నడుముకు చుట్టుకున్న లావాలావా గుడ్డ అంచున ముడేసుకుంది.

అప్పుడు అతను చేసిన పని, ఆ తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా, తనే చేశానంటే అతనికి నమ్మబుద్ధి కాదు.

"అరోయిటా. ఒకటి అడుగుతా."

ఆమె ఆగింది.

"నీ నోరు అడుగుతున్నా. నువ్వు చెప్పొద్దు. నేనే... ఎప్పుడో... వీలు చూసి చెప్పుకుంటా. ఊళ్ళో ఇక ఎవరూ ఇంజన్లు తేరు... నా దగ్గరికి ఎవరూ రారు. కయేవా మొహం చూళ్ళేను. అడుగుతున్నా."

ఆమె అతని వైపు చూసిన చూపులో కోపం కూడా లేదు. పాచి పట్టిన నూతిలోకి చూసినట్టు చూసింది.

"ఇచ్చాను" అంది. "తీసుకోండి."

మర్నాడు మనేబాలో చాపలు పరిచారు. వేయించిన చేపలు, పంది మాంసం, అన్నం, కొబ్బరిపాలు పోసిన బబాయ్ దుంప. అందరి తలల మీదా పూలచుట్టలు. శవం లేని చావు కాబట్టి మనేబా నడుమ కౌటు పాత టోపీ ఒకటి పెట్టారు. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. కబునారే గురించి కూడా మాట్లాడారు. "తమ్ముడి ఇంజన్ని నిన్నంతా కూర్చుని కడిగి శుభ్రం చేశాడు, చూడండి" అన్నాడు టబువాకా. అన్ని తలలూ మెచ్చుకోలుగా ఊగాయి. కబునారే ఎత్తిన అన్నం ముద్ద తిరిగి కింద పెట్టేశాడు.

భోజనాల తర్వాత పాటలు. పాట అడగడానికి మాత్రం మా మనేబాలో ఆడామగా తేడా లేదు. వెనక వరసలోంచి అరోయిటా లేచి నిలబడింది.

"బావగారూ, మా ఆయనకి ఇష్టమైన పాట వాయించండి. గద్దపక్షి పాట. అడుగుతున్నా."

మనేబాలో జాలిగా ఒక మూలుగు లేచింది. కయేవా గిటారు తెచ్చి మొగుడి ఒళ్ళో పెట్టింది. గద్దపక్షి పాట ఎత్తుగడ మొత్తం సన్న తీగ మీదే ఉంటుంది, ఒంటరి పక్షి కూతలాగా. మిగతా తీగలు తర్వాత కలుస్తాయి. ఆ సంగతి ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

"అది ఎలా వాయిస్తాడమ్మా, ఆ తీగ లేదుగా" అన్నాడు టబువాకా.

"తమ్ముడి కోసం కట్టడం మానేశాడు తాతా" అంది కయేవా గర్వంగా.

అరోయిటా జనం మధ్యలోంచి నడిచి వచ్చింది. వంగి, అంచు ముడి విప్పి, తుప్పు ముక్కను కౌటు టోపీ పక్కన చాప మీద పెట్టింది.

"ఏంటే అది?" అన్నాడు టబువాకా, కళ్ళు చికిలించి.

"నా నోరు నా దగ్గర లేదు తాతా. ఆయన్నడగండి."

అన్ని తలలూ కబునారే వైపు తిరిగాయి. కబునారే గిటారు పక్కన పెట్టాడు. చెప్పాడు. తుప్పు తీగ, ఇసకలో వెతకడం, వెలుతురుకెత్తి చూడకపోవడం, గిన్నె అడుగున మచ్చ లేకపోవడం, నిన్న ఆమె నోరు అడుక్కోవడం, అన్నీ చెప్పాడు. "నీళ్ళు లేవు. నేనే చంపాను వాణ్ణి" అని ముగించి, ఇక పడబోయే దేనికైనా సిద్ధపడి, వీపు వంచి కూర్చున్నాడు.

ఏమీ పడలేదు. టబువాకా తాత పెద్దగా నిట్టూర్చాడు.

"అంతా దేవుడి చిత్తం" అన్నాడు.

"అవును, దేవుడి చిత్తం" అన్నాడు అటుపక్క పెద్దమనిషి.

"తీగన్నాక తెగకుండా ఉంటదా? పండక్కోసం తొందర్లో చేశాడు పాపం."

"చెప్పడానికి ఎంత గుండె కావాలి! మగాడంటే అలా ఉండాలి."

ఎవరో కబునారే భుజం తట్టారు. ఆ చెయ్యి పడిన చోట అతనికి ఒళ్ళు జలదరించింది.

"బావగారూ" అంది అరోయిటా. ఆమె ఇంకా అక్కడే, నడుమనే నిలబడి ఉంది. "నా నోరు నాకిచ్చెయ్యండి. అడుగుతున్నా."

"తీసుకోమ్మా" అన్నాడు.

ఆమె టబువాకా వైపు తిరిగింది. "నీళ్ళన్నప్పుడు అది నా చెయ్యి. ఎనిమిది నెల్లు నా చేతి టీ తాగలేదు మీరు. తీగనేసరికి దేవుడి చెయ్యా తాతా? ఆ దేవుడు అప్పుడు ఎటు పోయాడు? పెట్రోలు వడగడుతున్నప్పుడు నా పక్కన లేడా?"

కయేవా మొహం కప్పుకుంది. టబువాకా చాప అంచును వేళ్ళతో సర్దుతూ ఉండిపోయాడు. చివరికి ఆమె వైపు చూడకుండానే అన్నాడు, "ఇవాళ బాధలో ఉన్నావు. వెళ్ళి కూర్చోమ్మా. ఆడవాళ్ళూ, టీ సంగతి చూడండి."

ఎవరో కెటిల్ అందుకోబోయారు. అరోయిటా ముందే వెళ్ళి దాన్ని తీసుకుంది. మొదటి కప్పు నింపి టబువాకా ముందు పెట్టింది. అందరూ చూస్తుండగా అతను దాన్ని, వేడిగా ఉందన్నట్టు, కొంచెం పక్కకు జరిపాడు. ఆమె కెటిల్ దింపి, టోపీ పక్కనున్న తుప్పు ముక్క తీసుకుని, మనేబా దాటి సముద్రం వైపు వెళ్ళిపోయింది.

కబునారే లేవబోయాడు. ఆమె వెనక పరిగెత్తాలని ఉంది, ఆ కప్పు అందుకుని ఊరందరి ముందూ తాగాలని ఉంది. ఈలోపు టబువాకా ముందుకు వంగి గిటారు ఎత్తి అతని ఒళ్ళో పెట్టాడు.

"ఉన్న తీగల మీదే ఏదో ఒకటి వాయించరా. జనం మనసు చెడింది. అడుగుతున్నా."

కబునారే టీ కప్పు వంక చూశాడు. దానిమీద ఆవిరి ఇంకా లేస్తోంది. తర్వాత గిటారు సర్దుకుని, ఐదు తీగల మీదా వాయించాడు. ఊరంతా గొంతు కలిపింది.